బగ్ ఒకచోట, ప్యాచ్ ఇంకోచోట

మా తమ్ముడు ఎనిమిదో తరగతి. పోయిన ఏడాది దసరా సెలవులకి ఇంటికెళ్తే అమ్మ చెప్పిన మొదటి మాట, "వీడు సాయంత్రమైతే తలనొప్పి అంటున్నాడే, ఫోన్ వల్లేనంటావా?" మా ఇంట్లో సీఎస్‌ఈ చదివేది నేనొక్కదాన్నే. అందుకని ఫోన్, వైఫై, టీవీ రిమోట్, అన్నిటికీ నేనే ఎక్స్‌పర్ట్‌ని. అంతకు రెండ్రోజుల ముందే ఒక రీల్ చూసి ఉన్నాను. "స్క్రీన్‌లోంచి వచ్చే బ్లూ లైట్ అమ్మా, బ్లూకట్ కళ్లద్దాలు కొనిపెట్టు" అని చెప్పేశాను.

కళ్లద్దాల షాపులో అతను చిన్న లేజర్ లైట్ తీశాడు. మామూలు అద్దం మీద వేస్తే ఆ వెలుతురు అవతలున్న కార్డు మీద పడింది. బ్లూకట్ అద్దం మీద వేస్తే ఆగిపోయింది. అమ్మ నా వైపు మెచ్చుకోలుగా చూసింది. పద్నాలుగు వందలు. జీరో పవర్. తమ్ముడి చూపు ఎలా ఉందో మాత్రం ఎవ్వరం చెక్ చేయించలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఫోన్ పక్కన పెట్టమంటే వాడి దగ్గర ఒక సమాధానం రెడీగా ఉండేది: "అద్దాలు పెట్టుకున్నాగా!" అమ్మ కూడా అవును కదా అని ఊరుకునేది. మార్చిలో స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది, బోర్డు మీద లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటున్నాడని. అప్పుడు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. రెండు కళ్లకీ మైనస్ ఒకటిన్నర. వాడు ఎన్నాళ్లనుంచి మసకగా చూస్తున్నాడో వాడికే తెలీదు. అందరికీ అలాగే కనిపిస్తుందేమో అనుకున్నాడట. ఆ మాట ఫోన్‌లో విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి బ్లూ లైట్ కారణం కాదు.

అప్పుడు కూర్చుని చదివాను. ముందే చదవాల్సింది.

మొదటి సంగతి. మన లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం తెల్లటి ఎల్‌ఈడీ వెలుతురుతో పనిచేస్తాయి. అది నిజానికి నీలం ఎల్‌ఈడీయే, దానిమీద పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకి ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. కాబట్టి స్క్రీన్‌లోంచి నీలికాంతి రావడం అబద్ధం కాదు. కానీ ఎంత? పగటిపూట ఆకాశం నుంచి మన కంట్లో పడే నీలికాంతితో పోలిస్తే చాలా చాలా తక్కువ. ల్యాబుల్లో కణాల మీద, ఎలుకల మీద తీవ్రమైన నీలికాంతి వేసినప్పుడు రెటీనా దెబ్బతిన్న మాట నిజమే. అయితే ఆ మోతాదు వేరు, మన స్క్రీన్ మోతాదు వేరు.

రెండోది, ఆ లేజర్ మ్యాజిక్. అలాంటి లైట్లు మామూలుగా 405 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి, అంటే దాదాపు ఊదారంగు. స్క్రీన్‌లో నీలం ఎక్కువగా ఉండేది 450 దగ్గర. చాలా బ్లూకట్ అద్దాలు మొదటిదాన్ని బాగా ఆపుతాయి, రెండోదాన్ని కొంచెమే ఆపుతాయి. అంటే మనకి చూపించిన టెస్ట్ కేస్ పాసయింది, కానీ అసలు ఇన్‌పుట్ అది కాదు!

మూడోది. 2023లో కోక్రేన్ సంస్థ ఈ అద్దాల మీద జరిగిన 17 ప్రయోగాలని కలిపి సమీక్షించింది. కంప్యూటర్ వాడేటప్పుడు వచ్చే కంటి అలసట విషయంలో, మామూలు అద్దాలకీ వీటికీ స్వల్పకాలంలో తేడా ఉండకపోవచ్చని తేల్చింది. అమెరికాలో కంటి డాక్టర్ల అకాడమీ కూడా కంప్యూటర్ పని కోసం ఇలాంటి అద్దాలు అవసరం లేదనే చెప్తోంది.

మరి మన కళ్లు మండటం అబద్ధమా? కాదు. మిడ్స్ ముందురోజు రాత్రి మా రూమ్‌లో నలుగురి కళ్లూ ఎర్రగా ఉంటాయి, అందులో ముగ్గురికి బ్లూకట్ అద్దాలున్నాయి. మంటకి కారణం వేరే ఉంది. మామూలుగా నిమిషానికి 15 సార్లు రెప్ప కొడతాం. స్క్రీన్ చూస్తూ ఉంటే అది ఐదారుకి పడిపోతుంది. కన్నీటి పొర ఆరిపోతుంది. పైన ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఇంకోటి, దగ్గరగా చూడాలంటే కంటి లోపల ఒక చిన్న కండరం బిగుసుకోవాలి. ఫోన్‌ని ముక్కుకి జానెడు దూరంలో పెట్టుకుని మూడు గంటలు చూస్తే ఆ కండరం మూడు గంటలు బిగుసుకునే ఉంటుంది. చేతిలో అంతసేపు బకెట్ పట్టుకుని నిలబడతామా?

ఒక్క విషయంలో మాత్రం బ్లూ లైట్‌ని పూర్తిగా వదిలెయ్యలేం. నిద్ర. రెటీనాలో కొన్ని కణాలు ఇది పగలా రాత్రా అని మెదడుకి చెప్తాయి, అవి నీలికాంతికే ఎక్కువ స్పందిస్తాయి. రాత్రిపూట అలాంటి వెలుతురు మెలటోనిన్‌ని తగ్గిస్తుంది. కానీ నిజం చెప్పండి, రాత్రి ఒంటిగంటకి మనల్ని మేల్కొల్పేది స్క్రీన్ రంగా, లేక "ఇంకో ఎపిసోడ్" అనే బటనా? నైట్ మోడ్ పెట్టుకుని తెల్లారేదాకా రీల్స్ చూసేవాళ్లని నేను చూశాను. అద్దంలో కూడా చూశాను.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి. డాక్టర్ అమ్మని అడిగిన ప్రశ్న బ్లూ లైట్ గురించి కాదు. "బాబు రోజూ ఎండలో, బయట ఎంతసేపు ఉంటాడమ్మా?" అని అడిగారట. అమ్మ దగ్గర సమాధానం లేదు. స్కూలు, ట్యూషన్, ఇల్లు. ఆదివారం కూడా టెస్టే. మైనస్ పవర్ రావడమంటే కనుగుడ్డు ఉండాల్సిన దానికంటే పొడవుగా సాగడం. పిల్లలు పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపితే ఆ పవర్ వచ్చే అవకాశం తగ్గుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ స్కూళ్లలో రోజుకి 40 నిమిషాలు అదనంగా బయటికి పంపి చూశారు. మూడేళ్లలో కొత్తగా మయోపియా వచ్చినవాళ్లు అక్కడ సుమారు 30 శాతం, మామూలు స్కూళ్లలో 40 శాతం దాకా. తైవాన్ 2010 నుంచి పిల్లల్ని రోజుకి రెండు గంటలు ఆరుబయట ఉంచమని స్కూళ్లకి చెప్తోంది.

ఇక్కడ కామెడీ గమనించారా? బయట ఎండలో ఉండే నీలికాంతి ఏ స్క్రీన్‌లోనూ ఉండదు. అంటే నీలికాంతి నుంచి కాపాడదామని అద్దాలు కొనిచ్చిన తమ్ముడికి నిజానికి కావాల్సింది బోలెడంత పగటి వెలుతురు, నీలంతో సహా!

అందుకే నా గొడవ ఆ పద్నాలుగు వందల గురించి కాదు. ఆ అద్దాలు కంటికి హాని చెయ్యవు. కానీ సమస్య తీరిపోయిందన్న నమ్మకం ఇస్తాయి. తప్పు ఫైల్‌లో ప్యాచ్ వేసి బగ్ క్లోజ్ చేసేస్తే, అసలు బగ్‌ని ఇంకెవరు వెతుకుతారు? మా ఇంట్లో ఆరు నెలలు ఎవరూ వెతకలేదు. టికెట్ క్లోజ్ చేసింది నేనే.

మనం చెయ్యగలిగినవి చిన్నవే. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడటం. మా హాస్టల్ కిటికీలోంచి అయితే వాటర్ ట్యాంక్ ఆ పనికి సరిపోతుంది. కావాలని రెప్ప కొట్టడం. లాప్‌టాప్‌ని చేతి పొడవు దూరంలో పెట్టుకోవడం. లంచ్ బ్రేక్‌లో క్లాస్‌రూమ్ వదిలి చెట్టు కిందికి రావడం. అన్నిటికంటే ముందు, తలనొప్పి అని ఎవరైనా అంటే అద్దాల షాపుకి కాకుండా కంటి పరీక్షకి తీసుకెళ్లడం.

తమ్ముడికి ఇప్పుడు పవర్ అద్దాలొచ్చాయి. సాయంత్రం ట్యూషన్ ఒకటి మాన్పించి అమ్మ గ్రౌండ్‌కి పంపిస్తోంది. మొన్న ఫోన్ చేసి "అక్కా, బౌండరీ దగ్గర నిలబడినా బాల్ క్లియర్‌గా కనిపిస్తోంది" అన్నాడు. సంతోషపడ్డాను. సిగ్గుపడ్డాను కూడా.

మీ ఇంట్లో కూడా టెక్నాలజీకి ఎక్స్‌పర్ట్ మీరే అయ్యుంటారు. ఈసారి ఇంటినుంచి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, జవాబు చెప్పేముందు ఒక్క పది నిమిషాలు చదవండి. మన మాట నమ్మి డబ్బులు ఖర్చుపెట్టేవాళ్లు అక్కడున్నారు.