ముల్లు మాటెత్తని తర్కం

"ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే కదమ్మా!"

కిందటేడు మా డిపార్ట్‌మెంట్ మీటింగులో ఒక సీనియర్ ప్రొఫెసర్ అన్న మాట ఇది. కోపంగా కాదు, చాలా మృదువుగా అన్నారు. ఒక పరిశోధక విద్యార్థిని తన గైడు ప్రవర్తన మీద ఫిర్యాదు రాసుకొచ్చింది. దాన్ని అంతర్గత కమిటీకి పంపడమా, 'మనలో మనం' సర్దుబాటు చేసుకోవడమా అన్నది ఆ రోజు తేల్చాలి. అరగంటలో తేల్చేశారు. సర్దుబాటే! ఆ గదిలో ఆరుగురం ఉన్నాం. ఇద్దరం ఆడవాళ్లం. ఆ అమ్మాయి బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నేను నోరు విప్పలేదు.

ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆమె గురించి ఇంతకు మించి రాయను. అక్కడ నడిచిన వాదనల గురించే నా బాధంతా. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. పైకి చెప్పే మాట వెనక చెప్పకుండా దాచిందేమిటో పట్టుకోవడమే నేను నేర్చుకున్న విద్య. అవే వాదనలు ఏ పీఠికలోనో కనిపిస్తే నాలుగు పేజీల వ్యాసం రాసుండేదాన్ని.

మొదట ఆ సామెతనే తీసుకుందాం. చిరిగేది ఆకేనన్నది నిజమే. కానీ లోకంలో ఇలా జరుగుతోందన్న మాటలోంచి 'కాబట్టి నువ్వే తప్పుకో' అన్న తీర్పు ఎలా పుట్టింది? నష్టం ఎవరికో చెప్పే సామెత ముల్లుని ఏం చేయాలో చెప్పదు.

రెండోది, "ఆయన్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాం, అలాంటి మనిషి కాదు." ఆ ఇరవై ఏళ్లూ ఆయన మనతో, అంటే తోటి అధ్యాపకులతో మెలిగిన ఏళ్లు. తన సంతకం లేనిదే ఫెలోషిప్ అందని అమ్మాయితో, తలుపు మూసిన గదిలో ఆయన ఎలా ఉంటాడో ఆ అనుభవం మనకేం చెబుతుంది?

మూడోది, "రేపు రుజువు చేయలేకపోతే అబద్ధమాడినట్టేగా?" రుజువు కాకపోవడం వేరు, అబద్ధమని రుజువు కావడం వేరు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ఈ తేడాను గుర్తించింది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినామె మీద చర్య తీసుకోనక్కర్లేదంది. రాజీ ప్రయత్నం కూడా ఆమె కోరితేనే చేయాలంది. బెంచీ మీద కూర్చున్న ఆమెను మాలో ఒక్కరం కూడా అడగలేదు.

ఇక చివరిది. "ఆ అమ్మాయి సంగతి మీకు తెలీదు మేడమ్!"

ఈ మాటకి నేను ఉలిక్కిపడి ఉండాల్సింది. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా దీని మీదే. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. వీరేశలింగం ఆ కావ్యాన్ని తప్పుపట్టడానికి ఆమె వేశ్య కావడాన్ని కూడా కారణంగా తెచ్చారు. కావ్యం ఎలా ఉందన్న ప్రశ్నకి, రాసినామె ఎవరన్నది జవాబైపోయింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో వేస్తూ సూటిగా నిలదీసింది. సిగ్గన్నది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా? పంతులుగారికి అభ్యంతరం కాని 'వైజయంతీ విలాసం'లో శృంగారం లేదా? కొలబద్ద ఒక్కటిగా ఉండాలన్నదే ఆమె వాదన. దానికి జవాబుగా 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే దాకా ఆ నిషేధం తొలగలేదు.

వీరేశలింగం 1881లో వితంతు వివాహం జరిపించిన ధైర్యశాలి. ఆ ధైర్యం వల్ల ఈ వాదన ఒప్పయిపోదు. ఈ వాదన తప్పయినందువల్ల ఆ ధైర్యమూ అబద్ధం కాదు. మనిషిని బట్టి మాటని తూచకపోవడమంటే ఇదే.

ఇది పుస్తకాలతో ఆగిపోయే సంగతైతే ఇంత బాధ లేదు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకి చనిపోయాడు. పోలీసుల వైపు నుంచి వచ్చిన ప్రధాన వాదనేమిటి? ఆమె వేశ్య అని! జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల నేరాన్ని నిర్ధారించినా, 1981లో రాయచూరు కోర్టు వాళ్లని నిర్దోషులుగా వదిలేసింది. అత్యాచార కేసుల్లో బాధితురాలి 'శీలం' మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయవచ్చన్న నిబంధన మన సాక్ష్య చట్టంలోంచి పోయింది 2003లో. చట్టం దాన్ని తీసేసి ఇరవై ఏళ్లు దాటినా మా మీటింగు గదిలో మాత్రం అది కుర్చీ వేసుకుని కూర్చుంది.

అయితే ఆడది చెప్పింది కాబట్టి నిజమే అనమంటారా, అని అడిగేవాళ్లుంటారు. అనమనను. అదీ చెప్పిన మనిషిని చూసి తీర్పివ్వడమే అవుతుంది. విచారణ జరగనివ్వమంటున్నాను. ఏం జరిగిందని అడగండి, ఆమె ఎవరని కాదు.

మరి ఇదంతా తెలిసిన నేనెందుకు మాట్లాడలేదు? నా ఉద్యోగం అప్పటికింకా పర్మినెంట్ కాలేదు. ఆ నిజాన్ని అలాగే ఒప్పుకోకుండా, 'ఒక్కదాన్నే అంటే ఏం లాభం' అనుకున్నాను. అదీ తప్పుడు తర్కమే. ఆరుగురిలో ప్రతి ఒక్కరూ అలాగే అనుకుంటే ఇక అనేవాళ్లెవరు? తిలా పాపం తలా పిడికెడు. నా పిడికెడు నాకుంది.

ఫిర్యాదుకి చట్టమిచ్చిన గడువు మూడు నెలలు. కారణాలు చూపిస్తే మరో మూడు నెలలు. సర్దుబాటు పేరుతో మేం ఆ గడువు కాస్తా తినేశాం. ఆమెకి గైడు మారాడు, అంశం మారింది, రెండేళ్ల పని బూడిదలో పోసినట్టయింది. ఆయన ఇప్పటికీ సెమినార్లకి అధ్యక్షత వహిస్తున్నారు.

ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి ఇలాంటి గదుల్లో కూర్చునేవాళ్లమే. ఈసారి ఎవరైనా 'ఆ అమ్మాయి సంగతి మీకు తెలీదు' అంటే, ఆ మాటని ఉన్నదున్నట్టు మినిట్స్‌లో రాయమని అడుగుదాం. రాతలోకి ఎక్కితే దాని డొల్లతనం అందరికీ కనిపిస్తుంది. నేను ఆ రోజు అడగాల్సింది కూడా అంతే.