ఇచ్చిపుచ్చుకోడానికి మన బిడ్డ చేతిలో ఏం పెట్టినాం?

మా అక్క కూతురు పోయిన సంవత్సరం ఎక్స్‌ఛేంజ్ మీద ఇంగ్లండులో ఒక బోర్డింగ్ స్కూల్లో ఒక టర్మ్ చదివొచ్చింది. వచ్చినప్పట్నించి మనవాళ్ళలో ఒకటే మాట: "అక్కడ తెలుగు రాయమంటే తమిళం రాసిందంట!" గుడియాత్తంలో పెళ్ళికి పోతే అదే, వేలూరులో సీమంతానికి పోతే అదే. నవ్వినవాళ్ళందరికీ ఇది నా జవాబు. కోపంగానే రాస్తున్నాను.

జరిగింది ఇది. హాస్టల్లో ఒక సాయంత్రం పిల్లలందరూ ఎవరి భాషలో వాళ్ళు పేరూ, ఒక వాక్యమూ రాసి గోడకు అంటించాలి. మా పాప "మా ఇంటి భాష తెలుగు" అని అందరికీ ముందే చెప్పుకొని ఉంది. కాగితం ముందర కూర్చుంటే ఒక్క అక్షరం రాలేదు. తమిళంలో రాసి అంటించింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "మామా, నేను అబద్ధం చెప్పినట్టయింది" అని ఏడ్చింది.

తప్పు పాపదా? సూట్‌కేసు, స్వెట్టర్లు, ఆవకాయ, ఫ్లైట్ టికెట్టు, అన్నీ లెక్కేసుకొని పంపినాం. పదిహేనేళ్ళలో ఆ బిడ్డకు ఒక పలక ఇచ్చి "అ" దిద్దించినవాళ్ళు మనలో ఒక్కరున్నారా? నేనూ లేను.

"తమిళనాడులో తెలుగు ఎక్కడ చదవనిస్తారురా?" అంటాడు బావ. 2006 చట్టం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేసింది, నిజమే. పదో తరగతి తమిళ పరీక్ష మినహాయింపు కోసం మైనారిటీ భాషలవాళ్ళు సుప్రీంకోర్టు దాకా పోయినారు, అదీ నిజమే. అయితే ఆ చట్టం మన వసారాలోకి వచ్చి పలక పగలగొట్టలేదు కదా బావా!

నేను చదివింది కన్నడ మీడియం. ఉద్యోగంలో చేరినాక సినిమా పోస్టర్లు చూసి, కన్నడ అక్షరం నెత్తిన గీత తీసి తలకట్టు పెట్టుకుంటా తెలుగు నేర్చుకున్నాను. నాకు సులువైంది, ఒప్పుకుంటాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. తమిళం చదివిన పిల్లకు అట్లా కాదు, అక్కడ క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అందుకే పక్కన ఒక మనిషి కూర్చోవాలి. (నా తెలుగులో తప్పులుంటే దిద్దండి, నవ్వొద్దండి.)

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1911లో ఇంగ్లండు తీసుకుపోయినారు. అక్కడి చదువుల్లో ఆయన తెలుగు మరిచిపోయినాడు. ఆయన్ని పరాయివాళ్ళు పెంచినారు. మన పిల్లలకు విమానం ఎక్కకముందే, అమ్మా నాన్నా పక్కనుండగానే పోతావుంది.

ఇంకో సంగతి. "మీ ఊరి గురించి చెప్పు" అంటే పాప తాజ్‌మహల్ బొమ్మ చూపించిందంట. ఏటా వైకాసి 1న గుడియాత్తంలో గంగమ్మ సిరసు ఊరేగింపు భుజాలమీదెక్కి చూసిన పిల్ల! అమ్మవారి తల వీధులన్నీ తిరిగి కౌండిన్య ఒడ్డున గుళ్ళో మొండేనికి చేరేదాకా నిద్రపోకుండా చూసిన పిల్ల! అది చెప్పదగ్గ సంగతని మనమే ఎప్పుడూ అనుకోలేదు, పాప ఎట్లా అనుకుంటుంది?

ఈ మే నెలలో సిరసుకు పది రోజుల ముందే నేను లీవు పెట్టి గుడియాత్తం ఇంట్లో ఉంటాను. పాప వస్తానంది. పలకలు నేను తెస్తాను. నవ్వినవాళ్ళ పిల్లలు ముందు రావాలి.