డీఎఫ్‌లో ఖాళీ డబుల్ అయిందా? ఆగండి!
లైనక్స్ టెర్మినల్‌లో ‘డీఎఫ్’ కొట్టండి. అదే కమాండ్‌కి ముందు ‘పాసిక్స్‌లీ_కరెక్ట్=1’ చేర్చి మళ్లీ కొట్టండి. ఖాళీ జాగా నంబర్ డబుల్! డిస్క్ ఏం పెరగలేదు. గ్నూ టూల్స్ మామూలుగా 1024 బైట్ల బ్లాకుల్లో లెక్కిస్తాయి, పాసిక్స్ స్టాండర్డ్ 512 అంటుంది. ఈ వేరియబుల్ పాత పేరు ‘పాసిక్స్_మీ_హార్డర్’. గ్నూ వాళ్ల చిరాకు తెలుస్తూనే ఉంది కదా! మ్యాక్‌లోనూ ‘కమాండ్_మోడ్’ అనే స్విచ్ ఉంది: లెగసీ లేదా యూనిక్స్2003.

స్విచ్ ఉండటం మంచిదే. దాన్ని బ్యాష్‌ఆర్‌సీలో పర్మనెంట్‌గా పెట్టడమే నాకు నచ్చదు. ‘20 లక్షల బ్లాకుల కన్నా తగ్గితే అలర్ట్ పంపు’ అని స్క్రిప్ట్ ఉందనుకోండి. దాదాపు 2 జీబీ దగ్గర మోగాల్సింది 1 జీబీ దాకా మోగదు. ‘ఎల్ఎస్ ఫోల్డర్ -ఎల్’ అంటే చివరి -ఎల్‌ని ఫైల్ పేరనుకుంటుంది.

మా జహీరాబాద్ కర్ణాటక బోర్డర్ పక్కనే. ఎదుటి మనిషిని బట్టి తెలుగు, ఉర్దూ, కన్నడ మారుస్తాం, ఆ ఒక్క మాట వరకే. ఈ స్విచ్ కూడా అంతే, ఒక్క కమాండ్ వరకే వాడండి. స్క్రిప్టుల్లో అయితే ‘డీఎఫ్ -కే’ రాయండి, ఏ మోడ్‌లోనైనా 1024 బైట్ల లెక్కే వస్తుంది.