కరెంటు పోయిన రాత్రి వినిపించిన పాట

2024 నవంబర్ 19 రాత్రి పెనుగాలికి బాతెల్‌లో మా వీధంతా కరెంటు పోయింది. పక్కింటి తెలుగు వాళ్లూ మా హాల్లోకే వచ్చారు. కొవ్వొత్తుల వెలుగులో మా అబ్బాయి గిటార్ తీసుకుని ‘సామజవరగమన’ అందుకున్నాడు.

వాడు ఇక్కడే పుట్టాడు. తెలుగు చదవడం రాదు. పాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నాడు. మధ్యలో గొంతు బొంగురుపోయింది. ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ పాడాడు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. మనవడితో ఆవిడకు రెండు ముక్కలకు మించి మాటలు సాగవు. ఆ నాలుగు నిమిషాలూ ఆ లోటే తెలియలేదు.

2019లో ఆ పాట మనకు చేరింది కూడా సినిమా దృశ్యంతో కాదు. వాద్యకారుల మధ్య సిద్ శ్రీరామ్ పాడుతున్న వీడియోతోనే. సిరివెన్నెల మాటల్ని అంత ఆర్తిగా పలికిన ఆయన పెరిగింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో.

మన ఉగాది, సంక్రాంతి వేడుకల్లోనూ పిల్లలు పాడతారు. ట్రాక్ హోరులో వాళ్ల గొంతే వినపడదు. మనమేమో ఫోన్లలో వీడియో తీస్తుంటాం. పెద్ద వేదికలు వద్దని నేననను. కానీ నెలకోసారైనా ఎవరో ఒకరింట్లో పదిమంది చేరి, మైకూ ట్రాకూ లేకుండా పిల్లల చేత పాడిద్దాం. ఉచ్చారణ తప్పితే అక్కడే ఆపి సరిదిద్దకండి. పాట పూర్తి కానివ్వండి.

వచ్చే శనివారం మా ఇంట్లోనే మొదలుపెడుతున్నాం. కరెంటు ఉన్నా లైట్లు ఆర్పేస్తాం.