ఊరిని వాళ్లే పేల్చేశారు!

ఒక్కొక్కరే ముందుకొస్తారు. తన ఇంటివైపో కొట్టువైపో ఆఖరుసారి చూసుకుంటారు. మీట నొక్కుతారు. ఢామ్మని శబ్దం.. ఏళ్ల తరబడి నిలబడ్డ భవనం చెక్కలు చెక్కలుగా గాల్లోకి లేస్తుంది!

యుద్ధం సినిమా అనుకునేరు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే టీవీ సీరియల్‌, 'లిటిల్‌ హౌస్‌ ఆన్‌ ద ప్రైరీ'. 1974 నుంచి 1983 దాకా అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్‌ తొమ్మిది సీజన్లపాటు ప్రసారం చేసింది. ఆ తర్వాత తీసిన మూడు టీవీ సినిమాల్లో ఒకటైన 'ద లాస్ట్‌ ఫేర్‌వెల్‌' (1984)లోదీ సన్నివేశం.

మూలకథ లారా ఇంగాల్స్‌ వైల్డర్‌ది. 1932లో మొదటి పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమెకు 65 ఏళ్లు. అమ్మానాన్నా అక్కచెల్లెళ్లతో గుర్రబ్బండిలో ఊళ్లు తిరిగిన బాల్యాన్నే పిల్లల నవలలుగా రాసింది. పుస్తకాల్లో ఆ కుటుంబం ఒకచోట కుదురుగా ఉండదు. బుల్లితెర మీద మాత్రం వాల్‌నట్‌ గ్రోవ్‌ అనే ఊళ్లో ఏళ్లకేళ్లు కాపురం పెట్టించేశారు. నాన్న ఛార్లెస్‌గా వేసింది మైకేల్‌ లాండన్‌. ఫొటోల్లో కనిపించే అసలు ఛార్లెస్‌కి ఇంత పొడుగు గడ్డం. లాండన్‌ ఏమో నున్నగా గీసుకుని, ఉంగరాల జుట్టుతో హీరోలా ఉంటాడు. ప్రేక్షకులు ఆయన్నే నాన్న అనుకున్నారు, ఏం చేస్తాం!

ఇంతకీ ఊరిని ఎందుకు పేల్చారు? కథలో ఒక ధనవంతుడు వచ్చి, ఈ నేలంతా నాదేనంటాడు. చట్టప్రకారం అతనిదే. భూమి నీదైతే కావచ్చు, మా చేతుల్తో కట్టుకున్నవి మాత్రం నీకు దక్కవంటారు ఊరివాళ్లు. తెర వెనక కారణం వేరు. సెట్‌ వేసింది కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీలో, అద్దె స్థలంలో. షూటింగ్‌ అయిపోయాక నేలను మునుపటిలా అప్పజెప్పాలన్నది ఒప్పందం. ఎలాగూ కూల్చక తప్పదు కదా అని లాండన్‌ దాన్నే కథగా రాసి, తానే దర్శకత్వం వహించాడు. చర్చినీ లారా వాళ్ల చిన్నింటినీ మాత్రం ముట్టుకోలేదు.

నిజానికి, నేల ఎవరిదన్న ఈ గొడవ నవలలోనే ఉంది. 1935 నాటి ఆ పుస్తకంలో ఛార్లెస్‌ కాన్సస్‌లో దుంగలతో ఇల్లు కడతాడు. అది ఓసేజ్‌ తెగవారి నేల. అసలు కుటుంబం కూడా 1869లో అక్కడికే వెళ్లింది. అప్పటికి లారాకు నిండా మూడేళ్లు లేవు. కొన్నాళ్లకే ఓసేజ్‌ ప్రజలు ఆ నేల వదిలి ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి వెళ్లిపోవాల్సి వచ్చింది. సీరియల్లో ధనవంతుణ్ని తిట్టుకుంటూ కళ్లు తుడుచుకున్నవారిలో ఎందరికి వాళ్లు గుర్తొచ్చారో! పుస్తకాల్లో ఆదివాసులను చిత్రించిన తీరుపై అభ్యంతరాలు రావడంతో, 1954 నుంచి లారా పేరిట ఇస్తున్న పురస్కారానికి అమెరికన్‌ లైబ్రరీ అసోసియేషన్‌ 2018లో పేరు మార్చింది.

నవల చివర్లోనూ ఇల్లు వదిలే ఘట్టం ఉంది. ఇక్కడున్న వలసదారులను సైనికులొచ్చి ఖాళీ చేయిస్తారని కబురొస్తుంది. వాళ్లొచ్చి గెంటేదాకా ఉండనంటాడు ఛార్లెస్‌. కోపంతో ఊగిపోతాడు కానీ దేన్నీ తగలబెట్టడు. బండిలో చోటు చాలక నాగలిని వదిలేస్తాడు. కిటికీలకు ముచ్చటపడి బిగించిన అద్దాలనూ అలాగే ఉంచేస్తాడు. ఆ ఇంటి తలుపు గడియకో తాడు ఉంటుంది. దాన్ని లోపలికి లాక్కుంటే తాళం వేసినట్టే. బయటికి వేలాడదీస్తే ఎవరైనా లాగి లోపలికి రావచ్చు. బండెక్కేముందు ఛార్లెస్‌ ఆ తాడుని బయటికే వదిలేస్తాడు, తలదాచుకోవడానికి ఎవరికైనా అవసరపడుతుందేమోనని.