పాట పెట్టెలో మగ్గరాదు

వస్తువు కొన్నవాడిదే. అందులో పేచీ లేదు. కాని పాట కూడా కొన్నవాడిదేనా? పాత గ్రామఫోను రికార్డులను, టేపులను, వాద్యాలను ప్రాణప్రదంగా కూడబెట్టే వారిని చూస్తే ఈ ప్రశ్న రాక మానదు. ఇది పట్నవాసుల సరదా వ్యవహారంగా తోచవచ్చు. చింతపల్లి మన్యానికి ఇందులో పాలు తక్కువేమీ లేదు.

ముందుగా సేకరించేవారికి ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. మన దేశంలో గ్రామఫోను ముద్రణ 1902లో మొదలయింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేట్లకు ముఖ్యమైన సరుకు లక్క. అడవి చెట్లపై పురుగు పెట్టే లక్కే అది. చేయి జారితే ముక్కలవుతుంది. కొత్త యంత్రాలు వచ్చాక ఆ ప్లేట్లను పాత సామాన్లకు వేసిన ఇళ్లు ఎన్నో. అలాంటప్పుడు డబ్బిచ్చి కొని, తుడిచి దాచిన వారి వల్లనే ఆ గొంతులు నేటికీ మిగిలాయి. బొబ్బిలి రాజవంశీయులు శ్రీ వి.ఎ.కె. రంగారావు మద్రాసులో 40 వేలకు పైగా రికార్డులు సమకూర్చారు. అంతకంటె గొప్ప సంగతి మరొకటి ఉంది. ఏ పాట ఎవరు రాశారో, ఎవరు పాడారో దశాబ్దాల తరబడి పత్రికల్లో రాసి, తన ఎరుకను నలుగురికీ పంచారు.

అందరూ అలా పంచరు. వారి భయాలూ కొట్టిపారేయదగినవి కావు. అరువిచ్చిన ప్లేటు గీత పడి వస్తుంది, లేదా అసలు రాదు. నకలు తీసుకున్నవాడు ఇచ్చినవాడి పేరైనా చెప్పడు. అయినా బీరువా తాళం శాశ్వతం కాదు. యజమాని కన్నుమూస్తే ఆ సంపద వారసులకు బరువు. తమిళనాట కోట్టయూరులో జీవితమంతా పుస్తకాలు సేకరించిన రోజా ముత్తయ్య 1992లో మరణించారు. చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను కొని, దేశం దాటించకుండా మద్రాసులోనే గ్రంథాలయంగా నిలబెట్టింది. అన్ని సేకరణలకూ ఆ అదృష్టం పట్టదు.

ప్లేటు కొన్నంత మాత్రాన పాటపై హక్కు రాదని చట్టమే చెబుతోంది. మన దేశంలో ధ్వనిముద్రణపై హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 సంవత్సరాలు మాత్రమే. ఆ తరువాత ఆ ముద్రణ అందరిదీ.

ఇక మన సంగతి. ధింసాకు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఉండాలి. వాటి కోసం, పాటల కోసం బయటివారు కొండలెక్కి వస్తారు. అడగగానే మనవారు పాడతారు, ఆడతారు, గంజి పోసి పంపిస్తారు. మొదటి ఔదార్యం మన గుడిసెలదే. వెళ్లిన పాట మాత్రం తరచు "గిరిజన గీతం" అన్న రెండు మాటలతోనే చలామణి అవుతుంది. పాడిన అవ్వ పేరు ఉండదు, ఊరి పేరు ఉండదు. నకలు తిరిగి రాదు. ఇది న్యాయం కాదు.

దీనికి దారి లేకపోలేదు. విదేశీ పండితులు మన దేశంలో ముద్రించుకుపోయిన సంగీతపు నకళ్లను తిరిగి ఇక్కడికి చేర్చాలన్న ఆశయంతోనే అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో ఒక సంగీత భాండాగారాన్ని నెలకొల్పింది. సముద్రాలు దాటిన పాటే తిరిగి రాగలిగినప్పుడు పట్నం వెళ్లిన పాట చింతపల్లికి రాలేదా?

కావలసినవి మూడే. పాట పట్టుకునేవారు పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసుకుని, ఒక నకలు ఊళ్లో ఇచ్చి కదలాలి. పెద్దలు బయట పెట్టవద్దన్న పాటను బయట పెట్టరాదు. మనవారు అటక మీది పాత మోరిని, కొమ్మును వచ్చినవాడికల్లా చవకగా అమ్మివేయరాదు. ఊదగల తాత ఉండగానే ఒక కుర్రవాడికి నేర్పించాలి. అరకులో గిరిజన మ్యూజియం ఉంది. అలాగే చింతపల్లిలో ఈ పాటలు ఎవరైనా వచ్చి వినగల ఒక గదిని పాడేరు ఐ.టి.డి.ఏ. అధికారులు ఏర్పాటు చేయాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

దాచినవాడికి దండం పెడదాం. దాచినది పంచినవాడికి రెండు చేతులా పెడదాం. పాడి ఇచ్చిన అవ్వ పేరును మాత్రం ఎవరూ మరువరాదు.