పొద్దున్నే ఇంజిన్ గలగలమంటోందా?

రాయికోడ్ లాంటి మండల కేంద్రంలో ఉండేవారికి కారు పెద్ద రిపేరుకొస్తే జహీరాబాద్‌కో, సంగారెడ్డికో ప్రయాణం తప్పదు. ఇంటిల్లిపాదీ ఊరెళ్తుండగా 65వ నంబరు జాతీయ రహదారి మీద ఆగిపోతే ఆ అవస్థ చెప్పనక్కర్లేదు. అలా ఆపేసే వాటిలో టైమింగ్ చెయిన్ ఒకటి. అయితే ఇది చాలావరకు ముందే చప్పుడు చేసి హెచ్చరిస్తుంది.

క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేదే ఈ చెయిన్. పాత మారుతి 800లో ఈ పని బెల్టు చేసేది. స్విఫ్ట్, డిజైర్ డీజిల్ కార్లలోని 1.3 లీటర్ల ఇంజిన్‌లో చెయిన్ ఉంటుంది. మారుతి 2020లో డీజిల్ కార్ల తయారీ ఆపేసినా, అవి సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ‘చెయిన్ కదా, జీవితాంతం ఢోకా లేదు’ అంటే నమ్మేయకండి.

చెయిన్ సాగింది అంటారు గానీ, నిజానికి అరిగేది లింకులను కలిపే పిన్నుల దగ్గర. వంద లింకుల్లో ఒక్కోటి మిల్లీమీటరులో నూరోవంతు అరిగినా మొత్తం చెయిన్ ఒక మిల్లీమీటరు పొడవు పెరుగుతుంది. ఆ వదులును ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్ సర్దుతుంది. దానికీ ఓ హద్దుంది. అది దాటితే చెయిన్ పళ్ల మీద జారి, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అప్పుడిక ఇంజిన్ విప్పాల్సిందే.

ఎలా తెలుసుకోవాలి? రాత్రంతా ఆగిన బండిని ఉదయం స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి వినండి. బెల్టు, పుల్లీలు ఉన్న వైపు నుంచి గలగల ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతే కంగారక్కర్లేదు. రోజూ వస్తున్నా, ఎక్కువసేపు సాగుతున్నా, ఇంజిన్ లైటు వెలిగినా వెంటనే మెకానిక్‌కి చూపించండి. స్కానర్‌లో క్యామ్, క్రాంక్ లెక్క కుదరడం లేదని వస్తే అనుమానం బలపడినట్టే. కవర్ విప్పించి టైమింగ్ గుర్తులు, టెన్షనర్ ఎంత బయటికొచ్చిందీ చూడమనండి. మార్చాల్సొస్తే చెయిన్ ఒక్కటే కాదు, టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలు కలిపి మార్పించండి.

పాత కారు కొనేవారు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వేడెక్కిన ఇంజిన్‌లో ఈ చప్పుడు దాగిపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం ఆయిల్. డీజిల్ మసి పట్టిన పాత ఆయిల్ పిన్నులను గరుకు కాగితంలా అరగదీస్తుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడునే, చెప్పిన గడువులోనే మార్పించండి. వారానికోసారి డిప్‌స్టిక్ తీసి మట్టం చూసుకోండి. ఆయిల్‌లో మిగిల్చుకున్న డబ్బు ఇంజిన్ రిపేరుకు ఏమూలకూ చాలదు.